మూత్రపిండం దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి రఘుకు, అత్తయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. మనిషి శరీరం ఎలా పనిచేస్తుందో నేర్చుకోవాలనుంది, ఆన్‌లైన్‌లో చిన్న చిన్న కోర్సులు బోలెడు కనిపిస్తున్నాయి, ఏది పట్టుకోవాలి అన్నావు. మీ నాన్న రక్తపరీక్షలో మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువగా, 1.6 వచ్చిన దగ్గర్నుంచి నువ్వు సరిగ్గా నిద్రపోవడం లేదని వదిన చెప్పింది. అందుకని మూత్రపిండం దగ్గరే మొదలుపెట్టు. కణం, కణజాలం, అస్థిపంజరం అంటూ వరసగా వెళ్లే పద్ధతి ఇంటర్ పిల్లల పరీక్ష కోసం పెట్టింది. నీకు ఇంట్లోనే ఒక ప్రశ్న ఉంది. దాని వెంట వెళితే గుండె, రక్తం, కండరం అన్నీ దారిలోనే తగులుతాయి.

కోర్సుల కోసం ఎక్కువ వెతకొద్దు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ ఉంది, 2017లో కేంద్రం తెచ్చిన స్వయం ఉంది. 4 వారాలవీ, 8 వారాలవీ, 12 వారాలవీ దొరుకుతాయి. పాఠాలు వినడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్షకు రుసుం కట్టాలి. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాడివి, 4 వారాలది ఒక్కటి తీసుకో. అది పూర్తయ్యేదాకా రెండోది తెరవకు.

ఈ మాట ఎందుకంటున్నానో విను. 2020లో లాక్‌డౌన్ సమయంలో నేను శరీరధర్మశాస్త్రం మీద ఒక పాఠాల వరుస మొత్తం చూశాను. ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పినదాన్ని, చెప్పేవాడు చెబుతుంటే అన్నీ తెలిసినట్టే ఉండేది. చివరి వీడియో అయ్యాక కాగితం ముందేసుకుని, మూత్రపిండంలో హెయిర్‌పిన్‌లా వంగి ఉండే సన్నని గొట్టం, హెన్లీ శిక్యం, ఆ మలుపు ఎందుకు తిరుగుతుందో నాకు నేను రాసుకోబోతే చెయ్యి ఆగిపోయింది. భాగాల పేర్లన్నీ వచ్చాయి, కారణం రాలేదు. ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకు పేర్లు మాత్రమే అప్పజెప్పించి పంపానో అని ఆ రాత్రి చాలా బాధపడ్డాను. మళ్లీ మొదటి వీడియో నుంచి, ఈసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను.

నువ్వూ అలాగే కూర్చో. ఇరవై నిమిషాల పాఠానికి గంట పెట్టుకో. ఒకసారి ఆపకుండా విను. తర్వాత స్క్రీన్ మూసేసి, గుర్తున్నంతవరకు బొమ్మ వెయ్యి. ఎక్కడ గీత ఆగిపోయిందో ఆ చోటు నుంచే మళ్లీ చూడు. వీడియో వేగం పెంచి వినే అలవాటు ఆఫీసు ట్రైనింగులకు సరిపోతుందేమో, దీనికి పనికిరాదు. బొమ్మలో పేర్లు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసుకో. మన పదాల్లో కొన్ని పనినో ఆకారాన్నో పట్టి చూపిస్తాయి. కేశనాళిక అనగానే వెంట్రుకంత సన్నని గొట్టం కళ్ల ముందుకు రావట్లేదూ?

లెక్కలు నీకు ఇష్టం కాబట్టి మొదటి పాఠంలో ఇది చేసి చూడు. రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. మన రక్తంలో ప్లాస్మా ఉండేది 3 లీటర్లు. 180ని 3తో భాగించు. ఉన్న ప్లాస్మా అంతా రోజుకు అరవై సార్లు ఆ జల్లెడలోంచి దిగుతోందన్నమాట. బయటికి పోయే మూత్రం మాత్రం లీటరున్నర. మిగతాదంతా వెనక్కి తెచ్చుకుంటోంది. వడకట్టడం కంటే ఆ తెచ్చుకోవడమే గొప్ప పని, నాకు హెన్లీ శిక్యం అర్థమైందీ అక్కడే. మూత్రపిండం లోపలి భాగాన్ని, అంటే దవ్వను, అది ఉప్పగా ఉంచుతుంది. లోపలికి వెళ్లేకొద్దీ గాఢత పెరిగి, చివరికి రక్తానికి నాలుగింతలవుతుంది. మూత్రాన్ని మోసుకెళ్లే నాళం ఆ ఉప్పటి చోటు గుండానే దిగాలి. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే తెల్లారేసరికి ఊట ఎలా వస్తుందో, ఆ నాళంలోంచి నీరు అలా బయటికి వచ్చి రక్తంలో కలుస్తుంది. ఎంత రావాలో మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి వదిలే హార్మోను చూసుకుంటుంది. ఎండాకాలం మూత్రం ముదురు రంగులో, తక్కువగా రావడానికి కారణం ఇప్పుడు నువ్వే చెప్పగలవు.

ఆదివారం మటన్ కొట్టుకు వెళ్లినప్పుడు ఒక గుర్దా అడిగి తెచ్చుకో. నిలువుగా రెండు చెక్కలుగా కోస్తే బయట వల్కలం, లోపల దవ్వ విడివిడిగా కనిపిస్తాయి. మనిషి దవ్వలో పిరమిడ్ ఆకారపు ముక్కలు చాలా ఉంటాయి, గొర్రెలో అవన్నీ కలిసిపోయి ఒకటే ముద్దగా ఉంటుంది. ఆ తేడా గుర్తుపెట్టుకుని చూడు. ఎన్ని యానిమేషన్లు చూసినా చేతిలో పట్టుకున్నప్పుడు తెలిసేది వేరు.

ఇక ఆ 1.6 సంగతి. క్రియాటినిన్ మూత్రపిండంలో పుట్టదు, కండరంలో పుడుతుంది. కండరానికి తక్షణం శక్తినిచ్చే నిల్వ క్రియాటిన్ ఫాస్ఫేట్. అందులోంచి రోజూ కొద్దికొద్దిగా మారి రక్తంలోకి వచ్చేదే క్రియాటినిన్. దాన్ని బయటికి పంపే పని మాత్రం మూత్రపిండానిది, ఆ పని తగ్గితే రక్తంలో ఆ అంకె పెరుగుతుంది. ఆ నిల్వను 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి లోకానికి చూపినవాడు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మీ నాన్న రిపోర్టులోని ఆ గీత మన ఊరి దాకా వచ్చిందని నాకు తట్టినప్పుడు ఒళ్లు పులకరించింది. పుట్టుక కండరంలో అని తెలిస్తే ఇంకోటి కూడా తెలుస్తుంది. కండ ఎక్కువున్న కుర్రవాడికీ, చిక్కిపోయిన పెద్దాయనకూ ఒకే అంకెకు ఒకే అర్థం ఉండదు. అందుకే ల్యాబులో వయసూ, ఆడా మగా చూసి మూత్రపిండాలు ఎంత వేగంగా వడకడుతున్నాయో అంచనా వేసే ఈజీఎఫ్ఆర్ అని వేరే లెక్క కడతారు. దానితో పాటు మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందా అన్నది కూడా డాక్టరుగారు చూస్తారు. ఈసారి ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు ఈ రెండూ అడుగు.

అడగడం వరకే. నాలుగు వారాల పాఠాలు విని మీ నాన్న మందులు మార్చకు, ఆపకు. ఒక్క సంగతి మాత్రం ఇప్పుడే గట్టిగా చెబుతున్నాను. మోకాళ్ల నొప్పికని అన్నయ్య మందుల షాపులో అడిగి తెచ్చుకుని వేసుకునే బిళ్లల పేర్లు ఆ డాక్టరుగారికి తప్పకుండా చూపించు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మూత్రపిండంలోకి రక్తాన్ని తెచ్చే సన్నని ధమనిని ముడుచుకునేలా చేస్తాయి. అప్పటికే బలహీనపడిన మూత్రపిండానికి అది భారం. ఎందుకో నీ పాఠాల్లో రెండో వారానికల్లా వస్తుంది, కానీ బిళ్లల విషయం రెండో వారం దాకా ఆగొద్దు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నోటుపుస్తకం మర్చిపోకు. కొట్టివేతలున్న పేజీలు చింపకుండా అలాగే తీసుకురా. నీ గీత ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి వరండాలో కూర్చుని ఇద్దరం కలిసి వేద్దాం. అన్నయ్యను కూడా పక్కన కూర్చోబెడదాం, ఆయన రిపోర్టు ఆయనకు అర్థం కావాలి కదా.

మీ అత్తయ్య