రక్తం తక్కువ, బీపీ ఎక్కువ.. ఐరన్ మాత్రలు మానేయాలా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. తొలి కాన్పు, ఏడో నెల. హిమోగ్లోబిన్ 8.6 ఉంది. పోయిన వారం బీపీ 146/94 వచ్చింది. ఐరన్ మాత్రలతో రక్తం పట్టి బీపీ ఇంకా పెరుగుతుందని మా అత్తయ్య అంటే మానేశాను. మలం నల్లగా రావడంతో భయం కూడా వేసింది. ఏం చేయమంటారు?
- ఓ సోదరి

జవాబు: మాత్రలు ఈ రోజే మళ్లీ మొదలుపెట్టండమ్మా. ఐరన్‌తో బీపీ పెరగదు. రక్తం తక్కువంటే అందులో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ తగ్గిందని అర్థం. బీపీ రక్తనాళాల గోడల మీద పడే ఒత్తిడి. ఒకటి తగ్గితే రెండోదీ తగ్గాలనేం లేదు. మీ అత్తయ్యగారిది మీ మేలు కోరిన మాటే, కానీ ఈ విషయంలో వినకండి.

గర్భిణికి హిమోగ్లోబిన్ కనీసం 11 ఉండాలి. ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చే ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. రక్తహీనత ఉన్నవారికి సాధారణంగా రోజుకు రెండు ఇస్తారు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. టీ, కాఫీ, పాలతో మాత్రం వద్దు. కాల్షియం మాత్రకూ దీనికీ రెండు గంటల ఎడం పెట్టండి. మలం నల్లబడటం మాత్ర వల్లే, కంగారు అక్కర్లేదు. నెలకు మళ్లీ పరీక్ష చేయించండి. పెరగకపోతే నరానికి ఐరన్ ఎక్కిస్తారు.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది మీ బీపీ. అయిదో నెల దాటాక 140/90కి చేరితే తేలిగ్గా తీసుకోకూడదు. వారమైంది, రేపటిదాకా ఆగకుండా వెళ్లి మళ్లీ చూపించుకోండి. మూత్రంలో ప్రొటీన్, ప్లేట్‌లెట్లు, లివర్, కిడ్నీ పరీక్షలు, బిడ్డ ఎదుగుదలకు స్కానింగ్ అవసరం. ప్రొటీన్ పోతుంటే అది గుర్రపు వాతానికి, అంటే బీపీ పెరిగి ఫిట్స్ రావడానికి దారితీయొచ్చు. బీపీ తగ్గడానికి లాబెటలాల్, నిఫెడిపిన్ వంటి మందులు గర్భిణులకు ఇస్తారు. ఇంట్లో పెద్దవాళ్లు వాడే టెల్మిసార్టాన్, రామిప్రిల్ మాత్రలు ఎట్టిపరిస్థితుల్లోనూ వేసుకోవద్దు, బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి.

భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం, పైకడుపులో కుడివైపు నొప్పి, ఆయాసం, ముఖం ఉన్నట్టుండి ఉబ్బడం, బిడ్డ కదలికలు తగ్గడం.. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, రాత్రయినా సరే 108కి ఫోన్ చేయండి.

రక్తహీనత ఉన్నప్పుడు కాన్పులో కాస్త ఎక్కువ రక్తం పోయినా తల్లి తట్టుకోలేదు. అందుకే రక్తం ఎక్కించే వసతి ఉన్న పెద్దాసుపత్రిలో కాన్పుకు ఇప్పుడే ఏర్పాటు చేసుకోండి. ఫిట్స్ కాన్పయ్యాక కూడా రావొచ్చు కాబట్టి ఇంటికొచ్చాకా బీపీ చూపించుకుంటూ ఉండాలి. కాన్పయ్యాక ఐరన్ మరో ఆరు నెలలు వాడాలి.