ఎరువుల దుకాణంలో చేసిన పనిని రెజ్యూమెలో ఎలా రాయాలి?

బీకాం తర్వాత మూడేళ్లుగా ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తున్నానని, హైదరాబాదులో అకౌంట్స్ అసిస్టెంటు ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తుంటే ఎవరూ పిలవడం లేదని రాశారు. రెజ్యూమెలో స్కిల్స్ అన్నచోట మీరు పెట్టినవి: టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్), జీఎస్టీ, ఎంఎస్ ఆఫీస్, కష్టపడే తత్వం, బృందంతో కలిసి పనిచేయడం. చివర్లో "దుకాణంలో ఎంట్రీలే కదా, చెప్పుకోదగ్గ పనేమీ లేదు" అన్నారు. ఆ మాటను నేను ఏమాత్రం ఒప్పుకోను. ఈ సమాధానం రాయడానికి ముఖ్య కారణం అదే.

నేను పురుగుమందులు పంపిణీ చేసే ఒక సంస్థలో అకౌంట్స్ విభాగం చూస్తున్నాను. సహాయకులను తీసుకునేటప్పుడు రెజ్యూమెలు మొదట చదివేది నేనే. చాలావాటిలో మీరు రాసిన ఆ ఐదు మాటలే ఉంటాయి, వరస మారుతుంది అంతే. "టాలీ" అని రాసినవారిలో కొద్ది వారాల కోర్సు చేసి వదిలేసినవారూ ఉంటారు, ఏడాది లెక్కలన్నీ సరిచూసి ఆడిటరుకు అప్పగించగలిగినవారూ ఉంటారు. కాగితం మీద ఇద్దరికీ తేడా కనిపించదు. ఆ టాలీతో మీరు ఏ పని చేశారు, ఎంత పని చేశారు, అందులో మీరు సొంతంగా చేసింది ఎంత అన్నది తెలిస్తేనే పిలవాలో వద్దో తేల్చుకోగలను.

ఇప్పుడు మీ దుకాణం సంగతికి వస్తాను. ఒకే రైతు ఒకే రోజు విత్తనాలు, యూరియా, పురుగుమందు కొంటాడు. సాగు విత్తనాలకు జీఎస్టీ లేదు, యూరియాకు 5 శాతం, రసాయన పురుగుమందుకు 18 శాతం. అంటే పన్ను లేని సరుకు, రెండు వేర్వేరు రేట్ల సరుకు ఒకే కౌంటరు మీద నడుస్తున్నాయి. వాటికి హెచ్ఎస్ఎన్ కోడ్లు (పన్ను కోసం ఒక్కో రకం సరుకుకు ఇచ్చే సంఖ్యలు), రేట్లు సరిగ్గా పెట్టి మూడేళ్లు నడిపారంటే అది చిన్న పని కాదు. ఇక సబ్సిడీ ఎరువులను ఆధార్ ధ్రువీకరణతో పీఓఎస్ యంత్రంలో నమోదు చేసి అమ్మాలి కదా. 2018 నుంచి దేశమంతటా ఇదే పద్ధతి. యంత్రంలో ఉన్న నిల్వ, గోదాములో ఉన్న బస్తాలు, టాలీలో ఉన్న నిల్వ మూడూ కలవాలి. తేడా వస్తే వ్యవసాయాధికారి తనిఖీలో జవాబు చెప్పాల్సింది దుకాణమే. ఆ మూడింటినీ సరిచూసేది మీరే అయితే, స్టాకు సరిపోల్చడం మీకు వచ్చు. పెద్ద సంస్థలు ఈ పనికి విడిగా మనిషిని పెట్టుకుంటాయి.

మరొకటి, అరువు ఖాతాలు. విత్తే కాలంలో సరుకు తీసుకుని పంట అమ్మాక డబ్బు కట్టే రైతులు మీకు తప్పకుండా ఉంటారు. ఎవరు ఎంత బాకీ, ఎన్ని నెలలుగా ఉంది, ఎవరికి కబురు చేయాలి అన్న జాబితా మీరే తయారు చేస్తుంటే, దాన్ని కూడా రాయండి. నా విభాగంలో రోజూ జరిగే పని ఇదే. మాకు రైతుల బదులు డీలర్లు ఉంటారు, అంతే తేడా.

జీఎస్టీ దగ్గర కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టండి. "జీఎస్టీ తెలుసు" అన్న మాట వెనక ఎన్నో స్థాయిలు ఉన్నాయి. చాలా దుకాణాల్లో రిటర్ను దాఖలు చేసేది బయటి ఆడిటరే, వివరాలు సిద్ధం చేసేది దుకాణంలో కూర్చునే గుమాస్తా. మీది ఏ పాత్రో అదే రాయండి. వివరాలు సిద్ధం చేయడం తక్కువ పనేమీ కాదు. ముఖ్యంగా కొనుగోలు బిల్లులను జీఎస్టీఆర్-2బీతో, అంటే సరఫరాదారులు చూపిన బిల్లులతో పోర్టల్‌లో నెలనెలా వచ్చే జాబితాతో సరిపోల్చడం. 2022 జనవరి నుంచి 2బీలో కనిపించని బిల్లు మీద పన్ను క్రెడిట్ తీసుకోవడం, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం కుదరదు. సరఫరాదారు తన రిటర్నులో బిల్లు చూపకపోతే ఆ నెల మన చేతి డబ్బు కట్టాలి. అందుకే 14వ తేదీన 2బీ రాగానే తేడాలు పట్టుకుని, 20వ తేదీన 3బీ (పన్ను కట్టే నెలవారీ రిటర్ను) వేసేలోగా సరఫరాదారుతో ఫోనులో మాట్లాడి, ఆ బిల్లు వచ్చే నెల 2బీలోనైనా కనిపించేలా చూసే మనిషి అంటే నాకు ఎంతో విలువ. మీరు ఈ పని చేస్తుంటే దాన్ని పై వరసలో పెట్టండి. మీ దుకాణం మూడు నెలలకు ఒకసారి రిటర్ను వేసే పద్ధతిలో ఉంటే అదే చెప్పండి, నెలవారీ అని రాయకండి. అలాగే ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు) వార్షిక టర్నోవరు 5 కోట్లు దాటినవారికే తప్పనిసరి. చిన్న దుకాణంలో పనిచేసినవారు ఈ-ఇన్వాయిస్ చేశామని రాస్తే మొదటి ప్రశ్న దాని మీదే అడుగుతాను.

రెజ్యూమె ఇంగ్లీషులోనే పెట్టుకోండి. ఇక్కడ తీరు తెలియడానికి తెలుగులో రాస్తున్నాను:

"టాలీ ప్రైమ్‌లో నెలకు సుమారు 600 కొనుగోలు, అమ్మకం వోచర్ల నమోదు. ప్రతి నెలా రెండు బ్యాంకు ఖాతాల సరిపోలిక సొంతంగా చేశాను."

"కొనుగోలు రిజిస్టరును జీఎస్టీఆర్-2బీతో సరిపోల్చి, తేడాల జాబితా తయారు చేసి, సరఫరాదారులతో సరిచేయించాను. రిటర్ను దాఖలు చేసేది ఆడిటర్."

"పీఓఎస్ యంత్రం, గోదాము, టాలీ నిల్వలను వారానికోసారి సరిచూశాను."

అంకెలు నేను ఊహించి వేసినవి, మీవి మీరు వేసుకోండి. వాటిని గుర్తు తెచ్చుకోవడానికి కష్టపడనక్కర్లేదు. టాలీలో స్టాటిస్టిక్స్ అనే రిపోర్టు తెరిస్తే ఏ రకం వోచర్లు ఎన్ని ఉన్నాయో చూపిస్తుంది. రెండో ఉదాహరణ చివర ఆడిటర్ మాట ఉంది చూశారా? అది మీ విలువను తగ్గించదు. మిగతా వాక్యాలను నేను నమ్మడానికి అదే కారణమవుతుంది.

ఎక్సెల్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. వీలుకప్ (ఒక పట్టిక నుంచి వివరం వెతికి తెచ్చే ఫార్ములా), పైవట్ టేబుల్ (పెద్ద జాబితాను మొత్తాలుగా కుదించే పట్టిక) వచ్చంటే వాటితో ఏం చేశారో చెప్పండి. నేను ఇంటర్వ్యూలో ఒక షీటు తెరిచి ఇస్తాను, నాలాగే చేసేవారు చాలామంది ఉన్నారు. రానిది రాయకండి, కావాలంటే రెండు వారాలు కూర్చుని నేర్చుకుని రాయండి.

కష్టపడే తత్వం, బృందంతో పనిచేయడం తీసేయండి. ఆ చోటులో భాషలు రాయండి: తెలుగు చదవడం, రాయడం, కంపెనీ ప్రతినిధులతో హిందీలో మాట్లాడటం, ఇలా ఏది ఎంతవరకు వచ్చో. డీలర్లతో, లారీవాళ్లతో రోజూ మాట్లాడాల్సిన మాలాంటిచోట ఇది పనికొచ్చే సమాచారం.

అయితే విడి మాటల జాబితాను పూర్తిగా వదిలేయకండి. నౌక్రీ లాంటి సైట్లలో అభ్యర్థుల కోసం వెతికేవారు "టాలీ ప్రైమ్", "జీఎస్టీఆర్-3బీ" లాంటి మాటలతోనే వెతుకుతారు. అవి లేకపోతే మీ రెజ్యూమె వాళ్లకు కనిపించదు. పైన ఒక్క వరసలో ఆ పేర్లు, కింద ఉద్యోగం వివరాల్లో నేను చెప్పిన వాక్యాలు ఉంటే సరిపోతుంది. ప్రకటన చూసి వాక్యాల వరస మార్చండి. స్టాకు గురించి అడిగినచోట స్టాకు ముందు, బాకీల వసూలు గురించి అడిగినచోట అది ముందు.

ఇంకో మాట. దుకాణం టర్నోవరు, రైతుల పేర్లు, ఎవరి బాకీ ఎంత అన్నవి రెజ్యూమెలో గానీ ఇంటర్వ్యూలో గానీ బయటపెట్టకండి. మీ పని పరిమాణం చెప్పడానికి బిల్లుల సంఖ్య చాలు.

హైదరాబాదు చుట్టుపక్కల, ముఖ్యంగా మేడ్చల్ వైపు, విత్తన కంపెనీలు చాలా ఉన్నాయి. వాటికి, పురుగుమందుల పంపిణీదారులకు ముందు దరఖాస్తు చేయండి. సరుకు పేర్లు, పన్ను రేట్లు, సీజను వేడి తెలిసిన మనిషి వస్తే వాళ్లకు నేర్పే పని తగ్గుతుంది. కొత్తగా రాసిన వాక్యాలు ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.