మానేసిన ఎనిమిది మంది

రాజమండ్రి,
ఆదివారం సాయంత్రం

అమ్మడూ,

నువ్వు పంపిన మెసేజ్ రెండుసార్లు చదివాను. జూన్‌లో మీ బాస్కెట్‌బాల్ క్లబ్‌కి 22 మంది ఆడపిల్లలు పేర్లిచ్చారు, దసరా సెలవులు అయ్యేసరికి 14 మంది మిగిలారు. మొన్న ఫ్రెండ్లీ మ్యాచ్‌లో 46-9తో ఓడిపోయారు, ఇద్దరు పిల్లలు బెంచీ మీద కూర్చుని ఏడ్చారు. “వీళ్ళకి కాన్ఫిడెన్స్ ఎలా తేవాలి మేడమ్?” అని అడిగావు. ఇది ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఓడిన మ్యాచ్ గురించి నువ్వు పది లైన్లు రాశావు. మానేసిన ఎనిమిది మంది గురించి ఒక్క లైను రాశావు. నేనైతే ఆ లెక్క తిరగేస్తాను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. నువ్వు మా గ్రౌండ్‌కి రావడానికి చాలా ఏళ్ళ ముందు, బ్యాంకు పని అయ్యాక సాయంత్రాలు నేర్పడం మొదలుపెట్టిన మొదటి ఏడాది, నా దగ్గర పన్నెండు మంది ఉండేవారు. అందులో ఒకమ్మాయి మిగతా అందరికంటే జానెడు పొడుగు. ప్రతి బంతీ ఆమెకే ఇమ్మనేదాన్ని. ఆ ఏడు మూడు కప్పులు తెచ్చాం, నేను పొంగిపోయాను. మళ్ళీ జూన్ వచ్చేసరికి ఐదుగురే వచ్చారు. మానేసిన వాళ్ళలో ఒకమ్మాయి రైతుబజార్లో వాళ్ళమ్మతో కనిపిస్తే, ఎందుకు రావట్లేదమ్మా అని అడిగాను. “నాకు బాల్ రాదు కదా మేడమ్” అంది. ఆట చేతకాదు అంటోందనుకుని, “నేర్చుకుంటే వస్తుందిలే” అన్నాను. ఇంటికి వెళ్ళాక గాని అర్థం కాలేదు. ఆ పిల్ల చెప్పింది బంతి తన చేతికి రావడం లేదని. ఏడాదంతా వచ్చింది, రన్నింగ్ చేసింది, సీసాల్లో నీళ్ళు నింపింది, మ్యాచ్‌లో బంతి ముట్టుకోలేదు. ఆ మాట నన్ను చాలా ఏళ్ళు నిద్రపోనివ్వలేదు. తర్వాత నేను మార్చుకున్నవన్నీ ఆ మాట నుంచే వచ్చాయి.

అందుకే బంతి దగ్గరే మొదలుపెడతాను. మీ క్లబ్‌లో ఉన్న బంతులు ఏ సైజువో చూశావా? షాపులో అడిగితే చాలామంది 7వ సైజే చేతిలో పెడతారు. అది మగవాళ్ళది, 600 గ్రాముల దాకా ఉంటుంది. ఆడపిల్లలకి 6వ సైజు, పన్నెండేళ్ళ లోపు పిల్లలకి 5వ సైజు. 6కీ 7కీ తేడా అరవై డెబ్భై గ్రాములే, అయినా చిన్న అరచేతికి ఆ చుట్టుకొలత, ఆ బరువు కలిసి చాలా ఎక్కువవుతాయి. పదకొండేళ్ళ పిల్ల పెద్ద బంతితో ఫ్రీ త్రో (ఎవరూ అడ్డం లేకుండా గీత దగ్గర నిలబడి వేసే షాట్) వేస్తే, బంతి రింగుకి ఒక అడుగు కిందే పడిపోతుంది. పది రోజులు అలాగే పడితే “నా చేతుల్లో బలం లేదు” అని తీర్మానించుకుంటుంది. లోపం బంతిదని దానికి ఎవరు చెప్తారు? రింగూ అంతే. పెద్దల రింగు 3.05 మీటర్లు, మినీ బాస్కెట్‌బాల్ రింగు 2.60. ఎత్తు మార్చే పోల్ కొనాలంటే బోలెడు ఖర్చు. వెల్డింగ్ షాపులో ఒక ఇనప రింగు చేయించి, చెక్క బోర్డుకి బిగించి, బడి గోడకి 2.60 ఎత్తులో పెట్టించు. చిన్నపిల్లల బంతి మొదటిసారి లోపలికి దిగినప్పుడు వాళ్ళ ముఖాలు చూడు. ఆ రోజు రాత్రి అన్నం తింటూ ఇంట్లో వాళ్ళు మాట్లాడేది దాని గురించే.

ఇక పొగడ్త. మీ కోచ్‌లు ప్రతిదానికీ “సూపర్, సూపర్” అంటున్నారని నువ్వే రాశావు. పిల్లలకి నిజం తెలుసు. తొమ్మిది పాయింట్లు వేసిన రోజు సూపర్ అంటే, ఇంక ఆ నోటి నుంచి వచ్చే ఏ మాటనీ నమ్మరు. చూసింది చూసినట్టు చెప్పు. “మూడో క్వార్టర్‌లో నీ మనిషి బోర్డు కిందకి వెళ్తుంటే వెనక్కి తిరిగి అడ్డం నిలబడ్డావు, అందుకే రీబౌండ్, రింగుకి తగిలి తిరిగొచ్చిన బంతి, మనకి వచ్చింది” అంటే, ఆ పిల్ల అదే పని మళ్ళీ చేస్తుంది. మాట చిన్నదైనా, దాన్ని పట్టుకుని నిలబడటానికి ఒక ఆధారం ఉంటుంది.

మాట కంటే గట్టి ఆధారం అంకె. ఒక్కొక్కరికీ ఒక చిన్న నోటుబుక్కు కొనివ్వు. ప్రతి శనివారం 20 ఫ్రీ త్రోలు వేసి, ఎన్ని పడ్డాయో ఎవరిది వాళ్ళే రాసుకోవాలి. బుక్కు పక్కవాళ్ళకి చూపించక్కర్లేదు, గోడకి చార్టు అంటించొద్దు. జూన్‌లో 3 పడిన పిల్లకి జనవరిలో 9 పడితే, ఆ ఎదుగుదల దాని చేతిరాతలోనే ఉంటుంది. మ్యాచ్ ఓడిన రోజు ఆ పేజీలు తిప్పుకుంటారు. నీ నోటుబుక్కు ఇప్పటికీ మీ అమ్మ దగ్గర ఉందని నాకు తెలుసు.

మన ఆడపిల్లలకి కోర్టులో అన్నిటికంటే కష్టమైన పని ఏమిటో చెప్పనా? అరవడం. “బాల్, బాల్!” అని నోరు తెరిచి అడగాలి. ఇంట్లో పుట్టినప్పటి నుంచీ గట్టిగా మాట్లాడొద్దని చెప్పి పెంచిన పిల్లలు, ఖాళీగా నిలబడి కూడా చెయ్యెత్తరు. దీనికి నేను పెట్టిన ఆట ఒకటుంది. ఐదుగురిని గుండ్రంగా నిలబెట్టి, పేరు పిలిచి అడిగిన వాళ్ళకే పాస్ ఇమ్మనేదాన్ని. అడక్కపోతే బంతి రాదు. మొదటి వారం గుసగుసలే వినిపిస్తాయి, నెలయ్యేసరికి పక్క వీధిలోకి వినిపిస్తుంది. ఇందులో మన దగ్గర వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. ఏడో తరగతి పిల్ల పదో తరగతి పిల్లని పేరు పెట్టి పిలవలేదు. “అక్కా” అంటుంది. కోర్టులో నలుగురు అక్కలుంటే ఎవరు తిరగాలి? అందుకే అందరికీ రెండక్షరాల ముద్దు పేర్లు పెట్టు, పెద్దవాళ్ళ చేత ఒప్పించు. గ్రౌండ్ గేటు దాటాక మళ్ళీ అక్కే.

“సారీ” అనడం కూడా మాన్పించు. షాట్ తప్పితే సారీ, పాస్ తప్పితే సారీ, ఎదుటి వాళ్ళు ఢీకొట్టినా వీళ్ళే సారీ అంటారు. తప్పిన ప్రతిసారీ తల దించుకుంటే, ఆ రెండు సెకన్లలో అవతలి జట్టు మన రింగు కింద ఉంటుంది. సారీ బదులు “డిఫెన్స్!” అని అరుస్తూ వెనక్కి పరిగెత్తమను. నోటికి వేరే మాట ఇస్తే మొదటి మాట దానంతటదే పోతుంది.

అందరూ ఆడాలి. ఈ రూలు సీజన్ మొదట్లోనే అమ్మానాన్నలందరినీ కూర్చోబెట్టి చెప్పెయ్. మ్యాచ్‌లో నాలుగు క్వార్టర్లుంటాయి, వచ్చిన ప్రతి అమ్మాయీ కనీసం ఒక క్వార్టర్ ఆడుతుంది. చివరి రెండు నిమిషాల్లో స్కోరు ఎలాగూ తేలిపోయాక దించడం ఆడించినట్టు కాదు, పిల్లలు దాన్ని అవమానంగానే తీసుకుంటారు. అండర్-14, అండర్-17 స్కూల్ గేమ్స్ సెలక్షన్లకి వెళ్ళినప్పుడు అక్కడి లెక్క వేరు, అదీ ముందే చెప్పు. సెలక్ట్ కాని పిల్లని జాబితా చదివే ముందు, ఇంకో కోచ్ కూడా ఉండగా పక్కకి పిలిచి నీ నోటితో నువ్వే చెప్పు.

మొన్నటి మ్యాచ్ సంగతికి వస్తాను. ఓడిన వెంటనే గుండ్రంగా నిలబెట్టి అరగంట మాట్లాడారని రాశావు. ఇంకెప్పుడూ అలా చెయ్యకు. ఆ సమయంలో ఏం చెప్పినా తిట్టులాగే వినిపిస్తుంది. నీళ్ళు, అరటిపళ్ళు ఇచ్చి, ఇంటికి పంపించు. రెండు రోజులాగి కూర్చోబెట్టి, ఇంకోసారి ఆడితే ఏం మారుస్తారో వాళ్ళనే అడుగు. తర్వాతి మ్యాచ్‌కి గెలుపు లక్ష్యం పెట్టకు. రింగు మీదకి ఇరవై షాట్లు వెయ్యాలి, ఎడమ చేత్తో ఐదు లే-అప్‌లు (రింగు దగ్గరికి పరిగెత్తి వేసే షాట్లు) ప్రయత్నించాలి అని పెట్టు. పడ్డాయా లేదా తర్వాత సంగతి. 46-20తో ఓడినా, లక్ష్యం అందుకున్న పిల్లలు బస్సులో పాటలు పాడతారు, నేను చూశాను.

నీ దగ్గర అరిచే కోచ్ ఒకాయన ఉన్నారన్నావు. ఆయన మంచివాడే అయ్యుంటాడు, లేకపోతే ఆఫీసు అయ్యాక ట్రాఫిక్‌లో గంటసేపు వచ్చి మరీ ఎందుకు నేర్పుతాడు? అయినా అరుపు ఆపించాలి. పిల్లల ముందు కాదు, టీకి తీసుకెళ్ళి చెప్పు. ఒక పని కూడా అప్పగించు: మ్యాచ్ జరుగుతున్నంతసేపూ ఒక్కొక్కరు చేసిన ఒక మంచి పనిని కాగితం మీద రాయమను. చెయ్యి రాస్తుంటే నోరు తగ్గుతుంది, కన్ను కూడా మంచిని వెతకడానికి అలవాటు పడుతుంది.

జీతం లేని మనుషులతో నడిపేటప్పుడు “వీలున్నప్పుడు వస్తా” అనే మాట తీసుకోకు. వారానికి ఒక్క రోజైనా సరే, ఆ రోజు తప్పనిసరి అని మాట తీసుకో. నువ్వే ఆరు రోజులూ వెళ్తున్నావు, అది వద్దు. నువ్వు జ్వరం తెచ్చుకున్న వారం క్లబ్ మూతపడితే, అది క్లబ్ ఎలా అవుతుంది? పదో తరగతి అయిపోయిన పాత పిల్లలని పిలిచి చిన్నవాళ్ళకి డ్రిబ్లింగ్ నేర్పమను. నేర్పేటప్పుడు వాళ్ళకి వచ్చే ధైర్యం ఆడేటప్పుడు కూడా రాదు.

కొన్ని విషయాల్లో మాత్రం మొహమాటం పనికిరాదు. ఏ పెద్దమనిషీ ఒక పిల్లతో ఒంటరిగా ఉండకూడదు, ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, అందులో ఒకరు ఆడమనిషి. కోచ్‌లు పిల్లలకి విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, ఏదైనా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోనే. పిల్లలని ముట్టుకుని స్టెప్ సరిదిద్దొద్దు, చేసి చూపిస్తే చాలు. ఏదైనా జరిగిందని తెలిస్తే దాచి సర్దుబాటు చెయ్యడం కుదరదు, పిల్లలపై లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాలి. పిల్లల సహాయానికి ఉన్న 1098 ఫోన్ నంబరు గ్రౌండ్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించు.

ఆరోగ్యం సంగతి. తొందరగా అలిసిపోయే పిల్లని బద్ధకం అనకు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో మన దేశంలో 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో సగం కంటే ఎక్కువ మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించమని అమ్మలకి చెప్పు, బడిలో వారం వారం ఇచ్చే ఐరన్ మాత్ర వేసుకుంటున్నారో లేదో అడుగు. పీరియడ్స్ సంగతి దాచొద్దు. ప్యాడ్‌ల డబ్బా ఒకటి బ్యాగులో ఉంచు, షార్ట్స్ నల్లవే కుట్టించు, తలుపు గడియ పడే బాత్రూమ్ లేని చోట టోర్నమెంట్ ఒప్పుకోకు. మోకాలి లిగమెంట్ దెబ్బలు మగపిల్లల కంటే ఆడపిల్లలకి ఎక్కువ. గెంతి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వంగకుండా, మెత్తగా దిగడం రోజూ పది నిమిషాలు నేర్పించు. సిమెంటు కోర్టు మీద ఇది ఇంకా ముఖ్యం.

ఇప్పుడు ఆ ఎనిమిది మంది. ఎందుకు మానేశారో నువ్వు ఊహిస్తున్నావు, నీకు తెలియదు. ఒకరి ఇంట్లో రంగు తగ్గిపోతోందని అని ఉంటారు. ఒకరికి పదో తరగతి ట్యూషన్ అడ్డమై ఉంటుంది, అలాంటి పిల్లకి వారానికి రెండు రోజులు రమ్మని చెప్పి, రిజిస్టర్లో పేరు ఉంచు. బస్తీ నుంచి వచ్చే పిల్లకి షూ చిరిగిపోయి ఉంటుంది, అపార్ట్‌మెంట్ పిల్లల ముందు అడగలేదు. కాళ్ళు పెరిగి బిగుతైపోయిన మంచి షూలు వేసే పెట్టె ఒకటి పెట్టు, ఎవరు తీసుకున్నారో ఎవరూ చూడకుండా ఒక మూల ఉంచు. తలకి స్కార్ఫ్ కట్టుకునే అమ్మాయిలు ఇద్దరు రావడం లేదన్నావు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో ఖతార్ అమ్మాయిల జట్టు హిజాబ్ తియ్యమంటే ఒప్పుకోక మ్యాచ్ వదిలేసి వచ్చింది. 2017 అక్టోబర్ నుంచి ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూలు మారింది, ఇప్పుడు తల కప్పుకుని అంతర్జాతీయ మ్యాచ్ కూడా ఆడొచ్చు. పిన్నులు లేకుండా బిగుతుగా ఉండే స్కార్ఫ్ అయితే చాలు. ఈ సంగతి వాళ్ళ నాన్నలకి తెలియకపోవచ్చు. ఎదురుగా కూర్చుని చెప్పు.

ఆట వల్ల ఏం వస్తుందని అడిగే వాళ్ళకి వారణాసి సింగ్ అక్కాచెల్లెళ్ళ గురించి చెప్పు. ఒకే ఇంటి నుంచి నలుగురు దేశానికి ఆడారు, వాళ్ళలో ప్రశాంతి సింగ్‌కి 2019లో పద్మశ్రీ వచ్చింది. అయితే ముందు వాళ్ళ భయం మొత్తం విను. ఎన్నింటికి వదులుతారు, ఎవరు తోడొస్తారు అనేది ఆ తల్లికి పద్మశ్రీ కంటే పెద్ద ప్రశ్న. ఆరున్నరకి వదిలేస్తామంటే ఆరున్నరకే వదిలెయ్.

రేపు బస్సు పార్సిల్లో 6వ సైజు బంతులు ఆరు పంపిస్తున్నాను, పంపు సూది ఒక బంతి కవర్లోనే ఉంటుంది, పారెయ్యకు. వచ్చే ఆదివారం ప్రాక్టీస్ పెట్టుకోకు. ఆ ఎనిమిది ఇళ్ళకీ నువ్వే వెళ్ళు, ఫోన్ చెయ్యకు. వెళ్ళేటప్పుడు ఆ పిల్లతో బాగా కలిసి ఉండే ఒక అమ్మాయిని, ఒక బంతిని వెంట తీసుకెళ్ళు. ఎవరెవరు ఏమన్నారో ఆ రాత్రే నాకు రాయి.

మీ మేడమ్