ఆర్‌పీఎం లేస్తోంది, బండి మాత్రం లాగడం లేదు

ప్రశ్న: నా ఆటోమేటిక్ కారు కొని ఎనిమిదేళ్లయింది. ఈ మధ్య యాక్సిలరేటర్ తొక్కితే మోత పెరుగుతోంది, ఆర్‌పీఎం ముల్లు పైకి లేస్తోంది, స్పీడు మాత్రం రావడం లేదు, కాసేపాగి ఒక్క కుదుపుతో గేర్ పడుతోంది. పొద్దున తీసినప్పుడు బాగానే ఉంటుంది, బాగా వేడెక్కాకే ఈ గోల. గ్యారేజీలో నడిపి చూసి 'గేర్‌బాక్స్ పోయింది, దింపి ఓవర్‌హాల్ చేయాలి' అన్నారు. అంతవరకూ వచ్చిందంటారా?

జవాబు: వచ్చి ఉండొచ్చు. కానీ గేర్‌బాక్స్ ఆయిల్ చూడకుండా, బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టకుండా ఆ మాట అన్నారంటే గేర్‌బాక్స్ దింపడానికి అస్సలు ఒప్పుకోకండి. మీరు చెప్పినవి స్లిప్ లక్షణాలే, అంటే గేర్‌బాక్స్‌లో పట్టు జారి ఇంజిన్ పవర్ చక్రాలకు పూర్తిగా అందడం లేదు, అందులో అనుమానం లేదు, ఎందుకంటే ఇంజిన్‌లోనే పవర్ తగ్గి ఉంటే ముల్లు అంత జోరుగా లేవదు. ఎందుకు స్లిప్ అవుతోందన్నదే తేలాలి.

ముందు గేర్‌బాక్స్ ఆయిల్. దాని మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్ ఉంటే చాలా బళ్లలో చదునైన చోట, ఇంజిన్ బాగా వేడెక్కాక, ఆన్‌లోనే ఉంచి, లివర్‌ను అన్ని గేర్లలోకీ మెల్లగా తిప్పి పార్క్‌లో పెట్టి చూడాలి. కొన్నింటిలో ఇంజిన్ ఆపి చూడమంటారు, కాబట్టి మాన్యువల్ ఒకసారి తిరగేయండి. డిప్‌స్టికే లేకపోతే అది వర్క్‌షాప్ పని. ఒక చుక్క తెల్ల కాగితం మీద వేసి చూడండి: ఎర్రగా, తేటగా ఉంటే చాలావరకు ఊపిరి పీల్చుకోవచ్చు, నల్లబడి మాడు వాసన కొడుతుంటే లోపల గేర్లను పట్టి ఉంచే క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టే, పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే కూలెంట్ కలిసింది, ఇక బండి నడపకండి. ఆయిల్ తక్కువుందా? ఇంజిన్ ఆయిల్‌లా ఇది మండి తగ్గదు, ఎక్కడో కారుతోంది, ముందు ఆ లీక్ పట్టించండి.

మీ బండి వేడెక్కాకే స్లిప్ అవుతోందన్నది పెద్ద ఆధారం. వేడికి ఆయిల్ పల్చబడుతుంది, అరిగిన సీళ్ల సందుల్లోంచి, బలహీనపడిన పంపులోంచి ప్రెషర్ జారిపోతుంది, ప్లేట్లను గట్టిగా అదిమి పట్టే బలం ఉండదు. అందుకే బండి వేడిగా ఉన్నప్పుడే గేజ్ పెట్టి లైన్ ప్రెషర్ (గేర్‌బాక్స్ లోపలి ఆయిల్ ప్రెషర్) కొలవమనండి. చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే అంతా బాగున్నట్టే కనిపించొచ్చు.

ఏ గేర్‌లో జారుతోందో కూడా గమనించండి. అన్నింటిలోనూ అయితే ఆయిల్, ఫిల్టర్, పంపు వైపు చూడాలి. ఒకటి రెండు గేర్లలోనే అయితే ఆ గేర్లకు పనిచేసే క్లచ్‌నో, దానికి వెళ్లే ఆయిల్‌ను కరెంటుతో అదుపు చేసే వాల్వ్‌నో (సోలినాయిడ్) అనుమానించాలి, సోలినాయిడ్ అయితే చాలా బళ్లలో గేర్‌బాక్స్ దింపకుండానే మార్చొచ్చు. స్కానర్‌లో పీ0730 వస్తే గేర్ నిష్పత్తి తప్పుతోందని, పీ0731 అయితే ఆ తప్పు ఒకటో గేర్‌లోనని, పీ0741 అయితే ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో రెండింటినీ నేరుగా కలిపే లాకప్ క్లచ్ సరిగా పట్టడం లేదని అర్థం. కోడ్ లక్షణం చెబుతుందే కానీ పాడైన పార్టు పేరు చెప్పదు, దాన్ని చూపించి నేరుగా ఓవర్‌హాల్ అంటే నమ్మకండి.

స్లిప్ పోగొడతామనే సీసా మందులు పోయకండి. అరిగిన ప్లేటు కొత్త ఆయిల్‌తోనూ తిరిగి రాదు. తేలేవరకు బండి తీయకపోవడమే మేలు, జారిన ప్రతిసారీ లోపల వేడి పుడుతుంది, ఆ వేడికి మిగిలిన ప్లేట్లూ మాడతాయి.

ప్రశ్న: నాది కొత్త సీవీటీ కారు. ఓవర్‌టేక్ చేసేటప్పుడు ముందు ఆర్‌పీఎం పెరిగి, తర్వాత మెల్లగా స్పీడు అందుకుంటోంది. ఇదీ స్లిప్పేనా?

జవాబు: కాదు, టెన్షన్ పడకండి. సీవీటీలో మెట్లు మెట్లుగా గేర్లు ఉండవు, ఇంజిన్‌ను ఒక ఆర్‌పీఎం దగ్గర నిలిపి నిష్పత్తిని మార్చుకుంటూ పోతుంది. చదును రోడ్డు మీద, కాలు కదపకుండా ఒకే స్పీడులో వెళ్తున్నప్పుడు ముల్లు ఉన్నట్టుండి ఎగిరినా, బండి వణికినా అప్పుడు చూపించండి. ఆయిల్ మార్చాల్సి వస్తే మీ కంపెనీ చెప్పిన సీవీటీ ఆయిలే పోయించండి, మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే సీవీటీ లోపల పవర్‌ను అందించే బెల్టు నిజంగానే జారి పాడవుతుంది.