పార్లమెంటులో ప్రతిపక్షం అడిగిన ప్రశ్నలకు మంత్రులు సూటిగా ఎందుకు జవాబు చెప్పరు?

సూటిగా అడగరు కాబట్టి.

మంత్రులను వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. ఢిల్లీలో ఒక కేంద్ర మంత్రిత్వ శాఖలో గుమాస్తాగా చేరి, సెక్షన్ ఆఫీసరుగా పదవీ విరమణ చేసినవాణ్ని. శాఖ పేరు అడగవద్దు, పింఛను తీసుకుంటున్నాను. మంత్రులు సభలో చదివిన జవాబులు వందల కొద్దీ నా బల్ల మీదుగా వెళ్లాయి. ‘ఎంత తెలివిగా తప్పించుకున్నాడో’ అని టీవీ ముందు కూర్చుని మీరు తిట్టుకున్న వాక్యం చాలాసార్లు మంత్రి రాసింది కాదు. రాత్రి పదకొండింటికి, చల్లారిన టీ పక్కన పెట్టుకుని, ఆఖరి బస్సు తప్పిపోతుందన్న కంగారులో నాలాంటివాడు రాసింది.

లోక్‌సభలో రోజుకు 250 ప్రశ్నలు జాబితాకు ఎక్కుతాయి. అందులో మంత్రి లేచి నోటితో జవాబు చెప్పవలసినవి, అంటే నక్షత్రం గుర్తు ఉన్నవి, 20. వాటి జాబితా ఆకుపచ్చ కాగితం మీద అచ్చవుతుంది. తెల్ల కాగితం మీద వచ్చే మిగతా 230కి రాతపూర్వకంగా జవాబు పంపేస్తే సరి, వాటికి ఎవరి గుండె కొట్టుకోదు. ఆకుపచ్చ కాగితం సంగతి వేరు. అందులోనూ ముందు చూసేది ఎన్నో స్థానం అని. పదకొండుకు మొదలై పన్నెండుకు ముగిసే ప్రశ్నోత్తరాల సమయంలో, సభ సజావుగా సాగిన రోజున కూడా ఐదారు ప్రశ్నలకే వంతు వస్తుంది. వరస తేల్చే లాటరీలో మా ప్రశ్న పద్నాలుగో, పదిహేనో స్థానంలో పడిందంటే సెక్షన్ అంతా పండగే.

తొంభైల చివర్లో ఒక శీతాకాల సమావేశాల్లో మాకు మూడో స్థానం పడింది.

పల్లెల్లో చిన్న చిన్న భవనాలు కట్టే ఒక పథకం గురించి ప్రశ్న. అడిగింది ప్రతిపక్షంలో మొదటిసారి గెలిచిన ఒక ఉత్తరాది సభ్యుడు. భవనాలు మంజూరు చేశారా, చేస్తే రాష్ట్రాల వారీగా వివరాలు ఏమిటి, నాణ్యతపై ఫిర్యాదులు వచ్చాయా... ఇలా ఐదు భాగాలు. సభ్యుడు చాలా రోజుల ముందే నోటీసు ఇవ్వాలన్నది నిబంధన. కానీ ఆ కాగితం అన్ని అంచెలూ దిగి నా బల్ల మీదికి వచ్చేసరికి మిగిలేవి నాలుగైదు రోజులు. రాష్ట్రాలకు ఫ్యాక్సులు పంపి, ఎస్టీడీ ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఒక రాష్ట్ర రాజధానిలో ఎప్పుడు ఫోను చేసినా సంబంధిత అధికారి ‘ఇప్పుడే భోజనానికి వెళ్లారు’. మూడు రోజులు ఇదే మాట. ఆ మనిషి అన్ని భోజనాలు ఎలా అరిగించుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

మంజూరైన భవనాల లెక్క మా దగ్గరే ఉంది, డబ్బు పంపింది మేమే కదా. పూర్తయినవి ఎన్నో మాత్రం సగం రాష్ట్రాల నుంచి రాలేదు. చిత్తుప్రతిలో ఉన్నది ఉన్నట్టు రాశాను: ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం.’ మా అండర్ సెక్రటరీ ఆ వాక్యం చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, “ఏమయ్యా, నా మీద ఏమైనా పగ ఉందా నీకు? ఇది హామీ అవుతుంది” అన్నారు.

ఆయన భయం ఊరికే కాదు. 1953 నుంచి లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ ఒకటి ఉంది. మంత్రి నోటి నుంచి ‘పరిశీలనలో ఉంది’, ‘సభ్యునికి తెలియజేస్తాం’ లాంటి మాట జారితే చాలు, దాన్ని సభ రికార్డుల్లోంచి ఏరి హామీగా లెక్క కడతారు. మూడు నెలల్లో నెరవేర్చాలి, కుదరకపోతే గడువు పొడిగించమని బతిమాలుకోవాలి. మంత్రుల డొంకతిరుగుడు మాటలకు అసలు కారణం అహంకారమని అందరూ అంటారు. నన్నడిగితే ఈ హామీల భయమే.

అందుకని జవాబు మొత్తాన్ని ‘మంజూరైన’ అనే ఒక్క మాట మీద నిలబెట్టాం. జిల్లాల వారీగా మంజూరైన భవనాల పట్టికను ముచ్చటగా టైపు చేయించి జతపరిచాం. ‘పూర్తయిన’ అన్న మాట ఎక్కడా రాకుండా చూసుకున్నాం. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. హిందీ అనువాదకుడు పని ముగించేసరికి అర్ధరాత్రి దాటింది. అతనికి సమోసాల ఖర్చు నాదే.

మర్నాడు అధికారుల గ్యాలరీలో ముందు జాయింట్ సెక్రటరీ, వెనక నేను. నా ఒళ్లో సప్లిమెంటరీల నోటు, అంటే సభ్యులు అప్పటికప్పుడు ఏమేమి అడుగుతారో ఊహించి తయారు చేసుకున్న కట్ట. రాష్ట్రానికొక రంగు చీటీ అంటించి ఉంది. మంత్రి మా వైపు తల తిప్పగానే సరైన పేజీ తెరిచి ముందుకు అందించడం నా పని.

మా ముందు ప్రశ్న వేరే శాఖది. దాని మీద ప్రతిపక్షంలో మంచి వక్తగా పేరున్న ఒక పెద్దాయన లేచారు. రైతుల కన్నీళ్లు, ద్రవ్యోల్బణం, మధ్యలో ఒక దోహా (హిందీ ద్విపద), వాటి నడుమ ఆరు ప్రశ్నలు. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. వెనక బెంచీలు బల్లలు చరిచాయి. మంత్రి లేచి, ఆ ఆరింటిలో తేలికైన నాలుగో దానికి చక్కగా జవాబు చెప్పి కూర్చున్నారు. మిగతా ఐదూ గాల్లో కలిసిపోయాయి. ఆ పెద్దాయన మాత్రం తన ఉపన్యాసంతో తృప్తిగానే కనిపించారు.

తర్వాత మా వంతు. ప్రశ్న వేసిన సభ్యుడికి రెండు అనుబంధ ప్రశ్నలు, అంటే సప్లిమెంటరీలు, అడిగే అవకాశం ఉంటుంది. మొదటిది నిధుల గురించి, మామూలుదే. మంత్రి చూడకుండా చెప్పేశారు. రెండోది అడగడానికి ఆ కుర్రవాడు జేబులోంచి బస్సు టికెట్టంత కాగితం తీశాడు.

“మా జిల్లాలో 11 భవనాలు మంజూరయ్యాయని మీ పట్టికలో ఉంది. ఆ 11లో ఇవాళ తలుపుకు తాళం వేయడానికి వీలున్నవి ఎన్ని?”

అంతే, కూర్చున్నాడు.

తాళం! ‘ఎన్ని పూర్తయ్యాయి’ అని అడిగి ఉంటే ‘పనులు వివిధ దశల్లో ఉన్నాయి’ అనే వాక్యం నోటులో సిద్ధంగా ఉంది. తాళం పడాలంటే తలుపు కావాలి, తలుపు నిలవాలంటే గోడ కావాలి. వివిధ దశల్లో ఉన్న తలుపుకు తాళం పడదు.

మంత్రి మా వైపు చూశారు. జాయింట్ సెక్రటరీ నా వైపు చూశారు. ఆ జిల్లా పేజీ తెరిచాను. చివరి గడి ఖాళీ. ఖాళీ గడినే ముందుకు అందించాను, ఇంకేం చేయను? మంత్రి దాన్ని ఒక్క క్షణం చూసి, “గౌరవ సభ్యుల ఆవేదన ప్రభుత్వానికి తెలుసు” అని మొదలుపెట్టారు. కుర్రవాడు కూర్చున్న చోటి నుంచే “ఎన్ని?” అన్నాడు. మంత్రి రాష్ట్ర ప్రభుత్వాల బాధ్యత గురించి అందుకున్నారు. మళ్లీ “ఎన్ని?” మూడోసారికి ఇంకో నలుగురు గొంతు కలిపారు, అధికార పక్షంలో కూడా ఒకరిద్దరు నవ్వారు. అప్పుడు మంత్రి, “ఆ సంఖ్య ఇప్పుడు నా వద్ద లేదు. సభ్యునికి రాతపూర్వకంగా తెలియజేస్తాను” అన్నారు. నా ముందు జాయింట్ సెక్రటరీ కళ్లు మూసుకున్నారు. ఆ మాట హామీ అయి కూర్చుంది.

ఆ సంఖ్య తెప్పించడానికి ఏడు వారాలు పట్టింది. 11లో 3. అది ఆ రాష్ట్ర కార్యాలయంలో ఒక రిజిస్టరులో ఏడాదిగా పడి ఉంది. ఎవరూ అడగలేదు గనక ఎవరూ పంపలేదు.

అప్పటి నుంచి సభలో ఎవరు ప్రశ్న అడిగినా నేను చూసేది ఒక్కటే: దానికి జవాబుగా ఒక అంకె చెప్పక తప్పుతుందా, తప్పదా? 2014 తర్వాత మన ఎంపీలు ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా ఇస్తారా అని ఎన్నిసార్లు అడిగారో, అన్నిసార్లూ ఇంచుమించు ఒకే పేరా వచ్చింది. 14వ ఆర్థిక సంఘం సాధారణ రాష్ట్రాలకూ ప్రత్యేక హోదా రాష్ట్రాలకూ తేడా చూపలేదు అని. ఆ పేరా ఏ గుమాస్తా కంప్యూటర్లోనో భద్రంగా ఉండి ఉంటుంది, తేదీ మార్చి పంపడమే. ‘ఇస్తారా’ అంటే పేరా దొరుకుతుంది. ‘ఎన్ని’ అంటే దొరకదు.

ఇక వెల్‌లోకి, అంటే స్పీకరు కుర్చీ ముందున్న ఖాళీ జాగాలోకి, వెళ్లి ప్లకార్డులు పట్టుకునేవారి గురించి. పదకొండుంబావుకి సభ వాయిదా పడిందని తెలిస్తే మా గదిలో ఏం జరిగేదో తెలుసా? టీ తెప్పించుకునేవాళ్లం. నక్షత్రం గుర్తు ప్రశ్న కూడా అప్పుడు ఉత్త రాతపూర్వక జవాబుగా మారిపోతుంది, అనుబంధ ప్రశ్న ఉండదు, మంత్రి క్షేమం, మేమూ క్షేమం. ప్రతిపక్షం అరుపుల వల్ల ప్రభుత్వం ఇరుకున పడుతుందని రాసే విలేఖరులు ఒక్కసారి మా సెక్షన్‌కు వచ్చి ఉంటే బాగుండేది. ఏ పార్టీ ప్రతిపక్షంలో ఉన్నా ఇదే తంతు, ఇది ఒక్కరి మీద చెబుతున్నది కాదు.

అనుబంధ ప్రశ్న లేకపోతే ఏమవుతుందో 2020 సెప్టెంబరులో చూశాం. కోవిడ్ పేరుతో ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్నే ఎత్తేశారు. లాక్‌డౌన్లో ఇళ్లకు బయలుదేరి చనిపోయిన వలస కూలీల లెక్క అడిగితే, అలాంటి సమాచారం నిర్వహించడం లేదని కార్మిక శాఖ రాసి ఇచ్చింది. మరి పరిహారం? పై జవాబు దృష్ట్యా ఆ ప్రశ్న ఉత్పన్నం కాదు. చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. రాతపనిగా చూస్తే ఎక్కడా వేలు పెట్టే సందు లేదు. ఎందుకు నిర్వహించడం లేదని లేచి అడగడానికి సభలో ఆ గంట లేదు.

సరైన ప్రశ్న ప్రతిపక్షం నుంచే రావాలని కూడా ఏమీ లేదు. స్వతంత్ర భారతంలో మంత్రి కుర్చీని కదిపిన తొలినాళ్ల పెద్ద ప్రశ్న ఒకటి అధికార పక్షం బెంచీల నుంచే వచ్చింది. 1957లో కాంగ్రెస్ సభ్యుడు ఫిరోజ్ గాంధీ, సొంత పార్టీ ప్రభుత్వాన్నే, కొత్తగా పుట్టిన జీవిత బీమా సంస్థ హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాల్లో డబ్బు ఎందుకు పెట్టిందని నిలదీశారు. ఆరు కంపెనీలు, సుమారు 1.24 కోట్ల రూపాయలు. చాగ్లా కమిషన్ విచారణ జరిగాక 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. చూడండి, అక్కడ కూడా అంకెలే.

మా తాళం సభ్యుడు తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. మళ్లీ ఎక్కడా కనిపించలేదు. ఆయన పుణ్యమా అని మా త్రైమాసిక ఫారంలో ‘పూర్తయి, వాడుకలో ఉన్నవి’ అని ఒక కొత్త గడి చేరింది. నేను పదవీ విరమణ చేసే నాటికీ అది ఉంది. రెండు రాష్ట్రాలు ప్రతిసారీ అందులో అడ్డగీత గీసి పంపేవి.