పాత ఫైబర్‌గ్లాస్ ట్రైలర్ కొనబోతున్న మేనకోడలికి

చి. సౌ. శ్రావణికి అత్తయ్య ఆశీస్సులు.

విహారయాత్రలకి కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లులాంటి ట్రైలర్ కోసం చూస్తూ నువ్వు పంపిన రెండింటి ఫొటోలూ మీ మామయ్యా నేనూ కూర్చుని పెద్దవి చేసి మరీ చూశాం. ఒకటి 1998 నాటి 16 అడుగుల స్కాంప్, ఇంకోటి 2004 నాటి 17 అడుగుల కసీటా. "ఇరవై ఏళ్లు దాటిన డబ్బాకి ఇంత రేటా?" అని మీ ఆయన టెన్షన్ పడుతున్నాడన్నావు. ఆ సందేహం రావలసిందే. మామూలు ట్రైలర్ అయితే ఆ వయసుకి గోడల్లో చెక్క పుచ్చిపోయి, పైకప్పు అతుకుల్లోంచి నీళ్లు దిగుతుంటాయి. ఇవి మాత్రం వేరే జాతి. అందుకే అంత రేటు.

ముందు ఒక తేడా తెలుసుకో. అమ్మేవాళ్లు చాలామంది ఏ ట్రైలర్‌కైనా "ఫైబర్‌గ్లాస్" అని రాసేస్తారు. చెక్క చట్రానికో అల్యూమినియం చట్రానికో పల్చటి ఫైబర్‌గ్లాస్ రేకు అంటించిన ట్రైలర్లు వేరు. వాటిలోకి నీళ్లు దిగితే జిగురు వదిలి గోడ బొబ్బల్లా ఉబ్బుతుంది, బాగుచేయడం దాదాపు కొత్త గోడ కట్టడమే. నువ్వు చూస్తున్నవి అచ్చులో పోసినవి. పై సగం ఒకటి, కింది సగం ఒకటి అచ్చులో తీసి, రెండు గిన్నెలు అంచుకి అంచు కలిపినట్టు నడుం దగ్గర అతికిస్తారు. గోడల్లో కర్రలు ఉండవు, పైకప్పుకి అతుకులు ఉండవు. కెనడాలో విన్నిపెగ్‌లో 1968లో మొదలైన బోలర్ ట్రైలర్లు ఈ పద్ధతిలోవే. ఆనాటివి కొన్ని ఇంకా రోడ్డుమీద తిరుగుతున్నాయి. మీ మిన్నెసోటాలో బ్యాకస్ అనే ఊళ్లో స్కాంప్ వాళ్లు, ఇక్కడ మాకు దక్షిణాన టెక్సస్‌లోని రైస్ అనే ఊళ్లో కసీటా వాళ్లు ఆ దారిలోనే వచ్చారు. ఇద్దరూ ఇంకా తయారుచేస్తున్నారు, విడిభాగాలూ అమ్ముతున్నారు. ఈ ఒక్క కారణానికే, మూతపడ్డ కంపెనీ ట్రైలర్ కన్నా ఈ రెండింటికే నా ఓటు.

నేను ఇక్కడ ఫైబర్‌గ్లాస్ ట్యాంకుల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేసి రిటైరయ్యానని నీకు తెలుసు కదా. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఈ ట్రైలర్లలో పెంకు, అంటే ఆ అచ్చులో తీసిన ఫైబర్‌గ్లాస్ ఒళ్లు, మనకన్నా ఎక్కువ కాలం ఉంటుంది. పాడయ్యేది పెంకుకి చేసిన బెజ్జాలు, పెంకు లోపలి చెక్క నేల, పెంకు కిందున్న ఇనుము. నీ కళ్లు అక్కడ ఉండాలి. కొత్త కుషన్లూ, కర్టెన్లూ, వరసగా వేలాడదీసిన లైట్లూ చూసి రేటు ఒప్పుకోకు.

పెంకు విషయం చెప్పేస్తాను. పైన మెరిసే పొరని జెల్‌కోట్ అంటారు. మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ. ఎండకి అది మాసి సుద్దలా అవుతుంది. నల్లటి గుడ్డతో రుద్దితే తెల్లటి పొడి వస్తుంది. దానికి భయపడక్కర్లేదు. కాంపౌండ్‌తో రుద్ది వ్యాక్స్ వేస్తే చాలావరకు మెరుపు తిరిగొస్తుంది. కాకపోతే ఉన్నది అర మిల్లీమీటరే కాబట్టి ప్రతి ఏడూ మెషిన్ పెట్టి అరగదీయకూడదు. సాలెగూడులాంటి సన్నటి గీతలు తలుపు మూలల్లో, కిటికీ మూలల్లో కనిపిస్తాయి. ఎక్కువగా అవి జెల్‌కోట్ వరకే. అనుమానం వస్తే గీత పక్కన బొటనవేలితో గట్టిగా నొక్కు. గోడ లోపలికి కదిలినా, గీత తెరుచుకున్నా దెబ్బ లోపలిదాకా పోయిందని అర్థం. తర్వాత ఒక క్వార్టర్ నాణెంతో చుట్టూ తట్టుకుంటూ పో. గట్టి చోట ఖంగున పలుకుతుంది, పొరలు విడిన చోట మొద్దుగా మోగుతుంది. ఫ్యాక్టరీలో మేమూ ఇలాగే తట్టి చూసేవాళ్లం. నిజంగా పగిలి ఉన్నా అది బాగుచేయరాని రోగం కాదు. మన భీమిలి ఒడ్డున ఫైబర్ బోట్లకి పిల్లలు సైతం రెజిన్ అనే జిగురు, గాజునార మ్యాట్ వేసి అతుకులు వేయడం నువ్వూ చూశావు. ఇదీ ఆ సరుకే.

మొత్తం పెయింట్ వేసిన ట్రైలర్ అయితే మాత్రం ఎందుకు వేశారో అడుగు. మాసిన రంగుని కప్పడానికా, అతుకుని కప్పడానికా అన్నది తట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఇప్పుడు బెజ్జాల సంగతి. స్కాంప్‌లోనూ కసీటాలోనూ లోపలి అల్మారాలని పెంకుకి రివెట్లతో బిగిస్తారు. బయట గోడమీద వరసగా కనిపించే చిన్న గుండ్రటి మూతలు వాటివే. ప్రతి రివెట్టూ గోడలో ఒక రంధ్రం. మూత ఊడిపోయినా, రివెట్టు వదులైనా అక్కడ్నించి నీళ్లు దిగుతాయి. పైకప్పులో గాలి మర (ఫ్యాన్), ఏసీ, కిటికీల చుట్టూ రబ్బర్లు, తలుపు పైన కమాను, వెనక లైట్లు, ఇవన్నీ నీళ్లకి దారులే. లోపల గోడలకి తివాచీలాంటి గుడ్డ అంటించి ఉండటంతో చెమ్మ కంటికి కనిపించదు. చేత్తో తడమాలి. అల్మారాల లోపలి మూలల్లో, బెంచీల కింద చెయ్యి పెట్టి చూడు. తలుపూ కిటికీలూ మూసి ఐదు నిమిషాలు లోపల కూర్చో. ముక్కిన వాసన వస్తే ఎక్కడో నీళ్లున్నట్టే. వీలైతే వాన పడిన మర్నాడు వెళ్లు. లేదా గొట్టంతో పైనుంచి కాసేపు నీళ్లు పట్టడానికి అమ్మేవాళ్లని అడుగు. మంచి ట్రైలర్ ఉన్నవాళ్లు కాదనరు.

దిగిన నీళ్లు చేరేది నేలకి. రెండింటిలోనూ అడుగున చెక్క పలకే ఉంటుంది, రెజిన్ పూసి ఉంటుంది. పూత తెగిన చోట నుంచి పలక చెమ్మ పీల్చుకుంటుంది. ఒట్టి కాళ్లతో నడిచి చూడు. తలుపు గడప దగ్గర, వెనక రెండు మూలల్లో, బాత్రూమ్ గోడ వెంబడి మెత్తగా దిగుతోందా? బెంచీల కింద మూతలు తీసి స్క్రూడ్రైవర్ మొనతో నెమ్మదిగా గుచ్చు. అరచేతంత మెత్తదనం అయితే కోసి కొత్త ముక్క వేయొచ్చు. మూలలన్నీ పోయి, గోడకీ నేలకీ మధ్య పట్టు వదిలి ఉంటే అది వారాంతాల్లో తెమిలే పని కాదు. మీకు ఇద్దరు చిన్నపిల్లలు, ఇద్దరివీ ఉద్యోగాలు. అలాంటిది ఎంత చవకైనా వదిలెయ్యి.

ఇంకో సంగతి. ఈ ట్రైలర్లలో గోడకి కర్రలు లేవన్నాను కదా, మరి పైకప్పుని మోసేదేమిటి? లోపలి బట్టల అల్మారా, బాత్రూమ్ గోడలు, పై అరలు, ఇవే. సోకుగా చేద్దామని ఇవి పీకేసి ఖాళీ హాలులా మార్చినవాళ్లున్నారు. పైకప్పు కుంగుతుంది, దాంతో తలుపు వంకర తిరిగి మూల దగ్గర సందు పడుతుంది. కాబట్టి తలుపుని రెండుమూడుసార్లు తెరిచి మూసి, చుట్టూ సందు సమంగా ఉందో లేదో చూడు. మీ దగ్గర పడే మంచుకి పైకప్పుమీద ఎప్పటికప్పుడు దులపడం కూడా అవసరం.

కింది ఇనుము మీ మామయ్య శాఖ, ఆయన చెప్పింది రాస్తున్నాను. మిన్నెసోటా రోడ్లమీద చల్లే ఉప్పు ఫ్రేమ్‌ని తినేస్తుంది. బోలు గొట్టం లోపల్నుంచి తుప్పు పడితే బయటికి తెలీదు, చిన్న సుత్తితో తడుతూ పోతే తెలుస్తుంది. ముందు హిచ్ (కారుకి తగిలించే కొక్కెం) నుంచి వచ్చే ఇనుము పెంకు కిందికి దూరే చోట పగుళ్లు వస్తుంటాయి. అక్కడ వైర్ బ్రష్‌తో గీకి, టార్చి వేసి చూడాలి. కొత్తగా నల్లరంగు అక్కడ మాత్రమే వేసి ఉంటే మరీ జాగ్రత్త.

యాక్సిల్ (చక్రాల ఇరుసు) గురించి ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పారు. వీటిలో స్ప్రింగులు ఉండవు. చదరపు గొట్టం లోపల రబ్బరు కడ్డీలు ఉంటాయి, కుదుపుని అవే మింగుతాయి. ఇరవై, పాతికేళ్లకి ఆ రబ్బరు గట్టిపడిపోతుంది. ట్రైలర్ తిరగకుండా షెడ్డులో ఉన్నా సరే. పక్కన వంగి, చక్రాన్ని పట్టుకుని ఉండే యాక్సిల్ ఇనప చెయ్యి ఎటు వాలి ఉందో చూడు. గొట్టం నుంచి చక్రం వైపు కిందికి వాలి ఉంటే ప్రాణం ఉంది. పైకి లేచి ఉంటే పని అయిపోయింది. జాకీ పెట్టి లేపినప్పుడు చక్రం కొంచెమైనా కిందికి జారాలి. చచ్చిన యాక్సిల్‌ని రిపేరు చేయరు, మార్చడమే. పనితో కలిపి వెయ్యి డాలర్లు దాటుతుంది. 1998 ట్రైలర్‌కి ఇప్పటిదాకా మార్చకపోతే ఇక మార్చే వేళ అయిందని లెక్క వేసుకుని ఆ మొత్తం రేటులో తగ్గించమను. టైర్ల మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేడేళ్లు దాటితే గాడి ఎంత బాగున్నా మార్చాల్సిందే.

లోపలి సామాన్ల గురించి ఎక్కువ రాయను, అవన్నీ దుకాణంలో దొరికేవే. ఫ్రిజ్ చల్లబడటానికి గంటలు పడుతుంది కాబట్టి ముందురోజే ప్రొపేన్ గ్యాస్ మీద పెట్టి ఉంచమని చెప్పు. ట్యాంకులో నీళ్లు నింపించి పంపు వేసి, కుళాయిలన్నీ కట్టేయి. ఆగిన పంపు కాసేపటికి తనంతట తాను మళ్లీ మోగితే ఎక్కడో కారుతోంది. మీ చలికి గడ్డకట్టి పైపులు చీలడం మామూలే. గ్యాస్ జాయింట్ల దగ్గర సబ్బునీళ్లు రాసి బుడగలు చూడటం మర్చిపోకు.

ఇక రెండింటిలో ఏది? మీ కారు టొయోటా సియెనా వ్యాన్. దాని లాగే శక్తి 3500 పౌండ్లు. 17 అడుగుల కసీటాకి సామాన్లతో కలిపి కంపెనీ పెట్టిన గరిష్ఠ బరువూ 3500 పౌండ్లే. అంటే మిగులు ఏమీ లేదు. పైగా హిచ్ మీద పడే బరువు మొత్తంలో పది నుంచి పదిహేను శాతం ఉండాలి. కసీటా ముందుభాగం బరువుగానే ఉంటుంది. నలుగురు మనుషులు, వెనక డిక్కీ నిండా సామాన్లు, కొండ రోడ్డు, ఇది నాకు నచ్చడం లేదు తల్లీ. కసీటా వయసు తక్కువైనా, లోపల బాగున్నా, కారు మార్చే ఉద్దేశం లేకపోతే తేలికైన స్కాంప్ వైపే మొగ్గు. ఏది కొన్నా సామాన్లు సర్దాక ట్రక్ స్టాప్‌లో కాటా మీద తూకం వేయించు, కారులోంచి ట్రైలర్ బ్రేకులు వేసే బ్రేక్ కంట్రోలర్ పెట్టించు.

స్కాంప్ అమ్మేవాళ్లు టైటిల్ (యాజమాన్య పత్రం) "ఎక్కడో ఉంది, తర్వాత పంపుతాం" అన్నారని రాశావు. టైటిల్ చేతికి రాకుండా, ఫ్రేమ్ మీద నంబరు దానితో సరిపోకుండా ఒక్క డాలరు కూడా అడ్వాన్స్ ఇవ్వొద్దు. వీటికి గిరాకీ ఎక్కువ కాబట్టి "ఇంకొకళ్లు వస్తున్నారు" అని తొందరపెడతారు. వస్తే రానీ.

కొన్నాక మొదటి పని పైకప్పు మర, కిటికీల చుట్టూ పాత సీలు తీసి బ్యూటిల్ టేపుతో (బంకలా అంటుకునే రబ్బరు పట్టీతో) మళ్లీ బిగించడం. సిలికాన్ మాత్రం ముట్టుకోవద్దు. ఒకసారి అది పూస్తే ఆ చోట తర్వాత ఇంకేదీ అంటుకోదు.

శనివారం చూడ్డానికి వెళ్తున్నావు కదా, పాత బట్టలు వేసుకో, కింద దూరాలి. యాక్సిల్ చెయ్యి రెండువైపులా, ముందు ఫ్రేమ్ పెంకు కిందికి దూరే చోటు, వెనక రెండు మూలల నేల, వీటి ఫొటోలు దగ్గర్నుంచి తీసి పంపు. మామయ్య ఉదయం పది నుంచి ఫోన్ దగ్గరే ఉంటానన్నారు. రేటు మాట్లాడేముందు మాకు ఒక్కసారి ఫోన్ చెయ్యి.

ప్రేమతో,
అత్తయ్య