ఎర్రచేతులతో పట్టుకోవచ్చా?

సందేహం: ఇష్టమైన ఇంగ్లీషు జాతీయాలకు అర్థం రాసి తెలుగు చేయమని పిల్లలకు చెప్పాను. ఒకడు ‘రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకున్నారు’ అన్నదాన్ని ‘ఎర్రచేతులతో పట్టుకున్నారు’ అని రాశాడు. తప్పంటే, ‘మొసలి కన్నీరు, పచ్చజెండా చెల్లినప్పుడు ఇదెందుకు చెల్లదు?’ అని ఎదురడిగాడు. ఏం చెప్పాలి? 
– ఒక ఉపాధ్యాయిని

సమాధానం: అనువాదానికి మార్కు వేయకండి, ప్రశ్నకు వేయండి.

తెలుగువాళ్లకు చెయ్యి ఎర్రబడిందంటే గోరింటాకు పండిందని. దాన్ని పట్టుకుని మురిసిపోతాం గానీ కేసు పెట్టం. ఇంగ్లీషులో ఆ ఎరుపు నెత్తురుది. చేతికి అంటిన నెత్తురు ఆరకముందే దొరికిపోయినవాడి గురించి స్కాట్లాండ్ చట్టాలు 15వ శతాబ్దంలోనే ఈ మాట వాడాయి. తర్వాత్తర్వాత నెత్తురు ఊసు పోయి, తప్పు చేస్తూ దొరకడమన్న అర్థమే నిలిచింది.

ఈ ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో ‘సహోఢుడు’ అనే మాట ఉంది. హోఢమంటే దొంగసొత్తు. సొత్తు దొరకనిదే దొంగకు మరణశిక్ష వేయకూడదనీ, సొత్తుతోనూ పనిముట్లతోనూ దొరికినవాడి విషయంలో ఇక విచారించక్కర్లేదనీ అక్కడి మాట. స్కాట్లాండ్‌లో చేతికంటిన నెత్తురు సాక్ష్యం, మన దగ్గర చేతిలోని సొత్తు. అలాగని ‘సహోఢుడైన తహసీల్దారు’ అని ఏ పత్రికా రాయనక్కర్లేదు.

ఏసీబీ దాడుల్లో మాత్రం ఆ రంగు మళ్లీ వచ్చి చేరింది. ఫిర్యాదుదారు ఇచ్చే నోట్లకు ముందే ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. తెల్లటి పొడి, కంటికి ఆనదు. నోట్లు అందుకున్న వేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచితే ఆ నీళ్లు గులాబీరంగుకు తిరుగుతాయి. వాటిని సీసాల్లో పోసి సీలు వేస్తారు. కాబట్టి విలేకరులు ‘రెడ్ హ్యాండెడ్’ను వదలకపోవడానికి కొంత కారణం ఉంది. ఇంగ్లీషు మాటను ఉన్నదున్నట్టు వాడితే నాకు అభ్యంతరం లేదు. ‘ఎర్రచేతులు’ అనడంతోనే పేచీ.

ఇక మీవాడి ఎదురుప్రశ్న. తన ఆహారాన్ని తింటూనే మొసలి ఏడుస్తుందన్నది యూరప్‌వాళ్ల పాత నమ్మకం. మొసలి అనగానే గజేంద్రమోక్షం గుర్తొచ్చే మనకు దాని ఏడుపు నకిలీదని వేరే చెప్పాలా? అందుకే ఇట్టే అతికింది. పచ్చజెండా సంగతి ఇంకా బాగుంటుంది. ఇంగ్లీషువాళ్లు పచ్చదీపం అంటే, మనవాళ్లు రైలుపెట్టె వెనక గార్డు ఊపే జెండాను పట్టుకున్నారు. అనుమతి వచ్చిందనడానికి ‘లైన్ క్లియర్’ అన్నదీ ఆ స్టేషన్ నుంచి వచ్చిందే. కళ్లారా చూసిన వస్తువు కనుక అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది. ఎర్రచెయ్యి అలా కాదు, అది అప్పటికే పేరంటాలకు వెళ్లివచ్చింది.

కొన్నింటిని అసలు అనువదించకూడదు. ‘అమ్మమ్మకు గుడ్లు పీల్చడం నేర్పకు’ అని ఇంగ్లీషులో ఒకటుంది. మనకు ‘తాతకు దగ్గులు నేర్పినట్టు’ ఉండగా ఆ గుడ్ల జోలికి పోవడమెందుకు? రెడ్ హ్యాండెడ్‌కూ జనం నోట అలాంటిదే ఉంది: ‘అడ్డంగా దొరికిపోయాడు’. కాస్త మర్యాదగా రాయాలంటే ‘లంచం సొమ్ముతో సహా పట్టుబడ్డాడు’. నిజానికి ‘లంచం తీసుకుంటూ పట్టుబడ్డాడు’ అన్నా చాలు, ఆ ‘తీసుకుంటూ’లోనే అంతా ఉంది.

మీరు అడగకపోయినా ఒక మాట. ‘లంచం తీసుకుంటూ అధికారిని ఏసీబీ రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకుంది’ అని రాసేవాళ్లున్నారు. ‘తీసుకుంటూ’ అన్నది శత్రర్థకం, అంటే ఒక పని సాగుతుండగా మరో పని జరిగిందని చెప్పే క్రియారూపం. దాని కర్తా, వాక్యం చివరి క్రియకు కర్తా ఒకరే కావాలి. ఆ లెక్కన ఈ వాక్యంలో లంచం పుచ్చుకున్నది ఏసీబీ! ‘పట్టుకుంది’ అని ముగించాలంటే ముందు ‘తీసుకుంటుండగా’ అనాలి, ‘తీసుకుంటూ’ అంటే ‘పట్టుబడ్డాడు’తో ముగించాలి. మీ పిల్లలకు ఇదీ ఒక అభ్యాసంగా ఇవ్వండి.